సాక్షి సంతకం అడుగుతున్నారు, తెగిన వేళ్లు మా తమ్ముడివి

చెన్నైలో అంబత్తూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరం ఇది. తన పేరు, కంపెనీ పేరు వెయ్యొద్దన్నారు, వెయ్యడం లేదు. నాలుగు పేజీలు రాశారు, కుదించి చెబుతున్నాను.

ఆయనది శ్రీకాకుళం జిల్లాలో ఒక ఊరు. వయసు 34. పదకొండేళ్ల కిందట చెన్నై వచ్చి, పిండి బస్తాలు మోసే పనితో మొదలుపెట్టి, ఇప్పుడు రెడీమేడ్ చపాతీలు, పరోటాలు తయారుచేసే ఫ్యాక్టరీలో షిఫ్ట్ సూపర్‌వైజర్ అయ్యారు. ఆరు నెలల కిందట సొంత చిన్నాన్న కొడుకుని, 23 ఏళ్ల కుర్రాడిని, ఊరి నుంచి తీసుకొచ్చి అక్కడే కాంట్రాక్టర్ కింద చేర్పించారు. నెలకు 14,000 జీతం. గత నెల ఒక రాత్రి షిఫ్ట్‌లో, మూడు గంటలు కావస్తుండగా, పిండిని పల్చగా వత్తే రోలర్ల దగ్గర పిండి అంటుకుపోయింది. గీకడానికి కుర్రాడు చెయ్యి పెట్టాడు. రోలర్లు తిరుగుతూనే ఉన్నాయి. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పూర్తిగా పోయాయి, ఉంగరం వేలి కొస తెగింది.

"రోలర్ల మీద గార్డు ఉంటుందండి, అది ఎత్తితే మిషన్ ఆగిపోవాలి. కానీ పావుగంటకోసారి పిండి అంటుకుంటుంది, ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే షీటంతా వేస్ట్, టార్గెట్ రాదు. అందుకని గార్డు స్విచ్‌ని వైరుతో కట్టేసి మూడు నెలలైంది. ఎవరు కట్టమన్నారో నాకు తెలుసు. మెయింటెనెన్స్ వాళ్లకి రెండుసార్లు చెప్పాను, మూడోసారి చెప్పలేదు. ఆ రాత్రి నేను ప్యాకింగ్ దగ్గర ఉన్నాను, అరుపు విని పరిగెత్తాను. వేళ్లు పిండిలో నలిగిపోయాయి, అతికించడానికేం లేదన్నారు డాక్టరు."

నర్సింగ్‌హోం బిల్లు కంపెనీయే కట్టింది. కానీ కుర్రాడి ఈఎస్‌ఐ (కార్మికులకి ప్రభుత్వం నడిపే బీమా) నంబరు పుట్టింది ప్రమాదం జరిగిన మూడో రోజున. ఇప్పుడు లక్షన్నర ఇస్తామంటున్నారు, దానికి ఒక కాగితం మీద సంతకం కావాలి. 'చెప్పిన జాగ్రత్తలు వినకుండా నా నిర్లక్ష్యం వల్లే చెయ్యి పెట్టాను, కంపెనీ నుంచి నాకు ఇంకేమీ రావలసింది లేదు' అని అందులో ఉందట. కాగితం తమిళంలో ఉంది, తమ్ముడికి తమిళం చదవడం రాదు, ఈయన కూడబలుక్కుని చదవగలరు. కింద సాక్షిగా ఈయన సంతకం పెట్టాలి. పెట్టకపోతే "నీ షిఫ్ట్‌లో జరిగింది కాబట్టి నీ మీదకే వస్తుంది" అన్నారు హెచ్‌ఆర్. ఇద్దరు పిల్లల ఫీజులు, ఇంటద్దె, బండి ఈఎంఐ ఉన్నాయి, సంతకం పెట్టెయ్యమంటోంది భార్య. ఊళ్లో పిన్నికి "వేళ్లకి దెబ్బ తగిలింది" అని మాత్రమే తెలుసు. ప్రతి ఆదివారం ఫోన్ చేసి "నువ్వు ఉన్నావు కదా బాబూ, అదే మాకు ధైర్యం" అంటుందట. ఆయనకి నెల రోజులుగా నిద్ర లేదు.

సంతకం పెట్టాలా వద్దా, పిన్నికి ఏం చెప్పాలి, తప్పు నాదేనా. ఈ మూడూ అడిగారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడు ప్రశ్నలూ ఒకదానికొకటి చిక్కుబడి ఉన్నాయి కాబట్టి మీకు ఏ దారీ కనిపించడం లేదు. ముందు డబ్బు సంగతి విడదీద్దాం, ఎందుకంటే మిమ్మల్నందరినీ భయపెడుతున్నది అదే, అందులోనే మీకు తెలియని విషయం ఒకటుంది.

ఈఎస్‌ఐలో 'తప్పు ఎవరిది' అన్న ప్రశ్నే రాదు. పనిలో ఉండగా, పని కోసం చేస్తుండగా దెబ్బ తగిలిందా లేదా, అంతే చూస్తారు. కార్మికుడు కంపెనీ నియమం దాటి చెయ్యి పెట్టినా సరే, అది కంపెనీ పని కోసమే అయితే పని ప్రమాదంగానే లెక్క. 1948 ఈఎస్‌ఐ చట్టంలోనే ఈ మాట ఉంది. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి చట్టాల పేర్లు, సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈఎస్‌ఐ అలాగే ఉంది. మీ తమ్ముడు తిరుగుతున్న రోలర్‌లో చెయ్యి పెట్టింది కంపెనీ పరోటా ఆగకుండా రావాలని. కాబట్టి 'నా నిర్లక్ష్యం' అని రాసినంత మాత్రాన అతని ఈఎస్‌ఐ పోదు. ఆ మాట రాయించుకోవడం కంపెనీకి ఇంకో చోట అవసరం, దానికి తర్వాత వస్తాను.

ఇప్పుడు లెక్క చూడండి. నెలకు 14,000 అంటే రోజుకు రమారమి 467 రూపాయలు. పనికి వెళ్లలేని రోజులకి ఈఎస్‌ఐ ఇచ్చేది అందులో 90 శాతం, అంటే సుమారు 420. మూడు నెలలు ఇంట్లో ఉంటే దాదాపు 38 వేలు. ఆ తర్వాత మెడికల్ బోర్డు చెయ్యి చూసి, సంపాదించే శక్తి ఎంత శాతం తగ్గిందో తేలుస్తుంది. చట్టం వెనక ఒక పట్టిక ఉంటుంది, బొటనవేలు పోతే 30 శాతం, ఒక చేతికి రెండు వేళ్లు పోతే 20, మూడు పోతే 30, నాలుగూ పోతే 50. మీ వాడికి రెండు వేళ్లూ, మూడో దాని కొసా కాబట్టి 20 కంటే కాస్త ఎక్కువ రావాలి, ఆఖరి మాట బోర్డుది. 20 అనే అనుకున్నా, 420లో ఐదో వంతు రోజుకు 84 రూపాయలు, నెలకు 2,500 పైచిలుకు. ఇది జీవితాంతం వస్తుంది. వేరే ఉద్యోగంలో చేరినా ఆగదు, ధరల్ని బట్టి అప్పుడప్పుడు పెంచుతారు కూడా. ఏడాదికి 30 వేలు అనుకుంటే లక్షన్నర ఐదేళ్లలో దాటిపోతుంది. మీ తమ్ముడికి ఇంకా 23 ఏళ్లే.

లక్షన్నర చెడ్డ డబ్బు అనడం లేదు. ఈఎస్‌ఐకి పైన కంపెనీ ఇస్తే తీసుకోవచ్చు. ఈఎస్‌ఐకి బదులుగా ఇస్తున్నారా, దాంతో పాటు ఇస్తున్నారా, ఇదే అడగాల్సింది. హెచ్‌ఆర్‌ని ఆ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో తెప్పించుకోండి.

అయితే ఇందులో రెండు చోట్ల మోసపోయే ప్రమాదం ఉంది. ఒకటి, ఆ తమిళ కాగితంలో ప్రమాదం ఎక్కడ, ఎప్పుడు జరిగిందని రాశారో అక్షరం అక్షరం చదివించుకోండి. ఫ్యాక్టరీ బయట అనో, రూములో అనో, షిఫ్ట్ అయ్యాక అనో ఒక్క ముక్క ఉన్నా ఈఎస్‌ఐ కేసు అక్కడే చిక్కుకుంటుంది. నిర్లక్ష్యం అన్న మాట కన్నా ఈ మాటే ఎక్కువ ప్రమాదం. రెండోది, ఈఎస్‌ఐ నంబరు తీసేటప్పుడు చేరిన తేదీ ఏం వేశారో చూడండి. ప్రమాదం తర్వాతి తేదీ వేసి ఉంటే, కాగితం ప్రకారం చెయ్యి తెగిన రాత్రి మీ వాడు అక్కడ ఉద్యోగే కాడు. ఇలా దెబ్బ తగిలాక పరుగెత్తి నంబరు తియ్యడం మీ ఒక్క చోటే కాదు. గుర్‌గావ్, మానేసర్ దగ్గర కార్ల విడిభాగాల ఫ్యాక్టరీల్లో వేళ్లు పోయిన వేలమంది కార్మికుల వెంట నడిచిన సేఫ్ ఇన్ ఇండియా ఫౌండేషన్ వాళ్లు, 'క్రష్డ్' పేరుతో వేసే నివేదికల్లో ఇదే మొత్తుకుంటున్నారు, చాలామందికి కార్డు చేతికొచ్చేది వేళ్లు పోయాకే అని.

ఆలస్యంగా రిజిస్టర్ చేసినంత మాత్రాన దారి మూసుకుపోదు. 10 మంది, ఆ పైన పనిచేసే ఫ్యాక్టరీలో 21,000 లోపు జీతం ఉన్నవాడికి చేరిన రోజు నుంచే కవరేజీ ఉండాలి. కాంట్రాక్టర్ కట్టకపోతే అసలు కంపెనీయే కట్టాలి, ఈఎస్‌ఐ వాళ్లు కార్మికుడికి ఇచ్చేసి కంపెనీ నుంచి వసూలు చేసుకోవచ్చు. కానీ ఆరు నెలలుగా పనిచేస్తున్నాడని చూపించాలి. జీతం పడిన బ్యాంకు ఖాతా, గేటు దగ్గర హాజరు, షిఫ్ట్ గ్రూపులో అతని పేరున్న వాట్సాప్ మెసేజీలు, ఇవన్నీ ఈ రోజే తీసి దాచండి. ఫోన్ పోతే పోయేవి ఇవే. కంపెనీ ఈఎస్‌ఐకి యాక్సిడెంట్ రిపోర్ట్ పంపిందా అని కనుక్కోండి. పంపకపోతే కార్మికుడి తరఫున ఎవరైనా ప్రమాదం గురించి చెప్పవచ్చు, మీరైనా సరే, బ్రాంచి ఆఫీసుకి రాతపూర్వకంగా ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. ఈఎస్‌ఐ టోల్‌ఫ్రీ 1800112526. ఒకవేళ ఎంత తిరిగినా ఈఎస్‌ఐ పరిధిలోకి రాలేదని తేలితే, ఉద్యోగి నష్టపరిహారం కింద కార్మిక శాఖలో నేరుగా కంపెనీ మీద వెయ్యొచ్చు, దానికి రెండేళ్ల గడువు ఉంటుంది.

ఇక సంతకం. కంపెనీకి ఆ మాట ఎందుకు కావాలంటే, ఇలాంటి ప్రమాదాన్ని తమిళనాడులో ఇండస్ట్రియల్ సేఫ్టీ అండ్ హెల్త్ డైరెక్టరేట్‌కి తెలపాలి. వాళ్లు వస్తే మొదట అడిగేది గార్డు ఏది, స్విచ్ ఎందుకు పనిచెయ్యలేదు అనే. తిరిగే ప్రమాదకర భాగాలకి కంచె ఉండాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్న నియమం, బాధ్యులు యజమాని, ఫ్యాక్టరీ మేనేజర్. 'కుర్రాడే వినలేదు, సూపర్‌వైజర్ సాక్షి' అన్న కాగితం అక్కడ వాళ్లకి డాలు. ఇప్పుడు ఆలోచించండి, ఆ డాలు మీద ఉన్నది ఎవరి సంతకం?

మీ ముందు మూడు దారులున్నాయి.

సంతకం పెట్టెయ్యడం ఒకటి. ఉద్యోగం ప్రస్తుతానికి నిలుస్తుంది, ఇంట్లో గొడవ ఆగుతుంది. కానీ మీరు చూడనిదాన్ని చూసినట్టు సంతకం పెడుతున్నారు, మీరు ప్యాకింగ్ దగ్గర ఉన్నానని మీరే రాశారు. రేపు విచారణలో ఎవరైనా ఆ వైరు సంగతి చెబితే, అబద్ధం చెప్పిన సాక్షిగా మిగిలేది మీరు, కాగితం టైపు చేసిన హెచ్‌ఆర్ కాదు. "నీ మీదకి వస్తుంది" అన్న భయం సంతకం పెడితే పోతుందనుకుంటున్నారు, నాకైతే సంతకం పెడితేనే ఎక్కువ వస్తుందనిపిస్తోంది.

పూర్తిగా ఎదురు తిరిగి ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు చెయ్యడం ఇంకొకటి. ఫిర్యాదు ఎవరిచ్చారో ఇన్‌స్పెక్టర్ బయటపెట్టకూడదని చట్టంలో ఉంది. కానీ నలుగురు సూపర్‌వైజర్లున్న చోట ఎవరో ఊహించడానికి ఎంతసేపు పడుతుంది? ఉద్యోగం పోవచ్చు, ఆ మాట దాచను. ఈ దారి ఎంచుకునేటట్టయితే ముందు ఇంకో చోట పని చూసుకుని, చేతిలో రెండు మూడు నెలల ఖర్చు పెట్టుకుని చెయ్యండి. అలా ఆగడం పిరికితనం కాదు, పిల్లలున్న మనిషి లెక్క.

మధ్యలో ఒకటుంది. సంతకం పెట్టనని అనకండి, "నేను చూసింది రాసి సంతకం పెట్టి ఇస్తాను" అనండి. ఫలానా టైముకి ప్యాకింగ్ దగ్గర ఉన్నాను, అరుపు విన్నాను, వెళ్లేసరికి గార్డు తీసి ఉంది, స్విచ్‌కి వైరు కట్టి ఉంది, మెయింటెనెన్స్‌కి ఈ తేదీల్లో చెప్పాను. విశేషణాలు వద్దు, ఎవరినీ తిట్టొద్దు. తెలుగులోనో మీకు బాగా వచ్చిన భాషలోనో రాసి, మెయిల్‌లో పంపి నకలు ఉంచుకోండి. వాళ్లకి నచ్చకపోవచ్చు, షిఫ్ట్ మార్చొచ్చు, మొహం మాడ్చొచ్చు. కానీ నిజం రాసిచ్చిన సూపర్‌వైజర్ మీద తప్పంతా తొయ్యడం అంత తేలిక కాదు, ఎందుకంటే స్విచ్ గురించి ముందే చెప్పారని కాగితం మీద ఉంటుంది. నోటితో చెప్పిన రెండుసార్లకీ ఏదైనా ఆనవాలు ఉందేమో చూడండి, గ్రూపులో మెసేజ్, రిజిస్టర్‌లో ఒక లైను, ఏదైనా.

ఏ దారైనా సరే, సంతకానికి ముందు ఒక లాయరుకి ఆ కాగితం చూపించండి. ఫ్యాక్టరీ కార్మికులకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని చట్టం, 15100కి ఫోన్ చేస్తే చెన్నైలో ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. తమ్ముడు చదవలేని కాగితం మీద అతని చేత వేలిముద్ర కూడా వేయించనివ్వకండి.

తప్పు నాదేనా అన్నారు. తేలిగ్గా కాదని చెప్పి మిమ్మల్ని ఊరడించలేను, మీరూ నమ్మరు. మూడోసారి చెప్పకపోవడం మీది. స్విచ్ కట్టి ఉందని తెలిసీ ఆ కుర్రాడిని ఆ మిషన్ మీద ఉంచడం మీది. కానీ పావుగంటకోసారి పిండి అంటుకునే రోలర్‌ని బాగుచెయ్యకుండా మూడు నెలలు నడిపించింది మీరు కాదు, మిషన్ ఆపితే చేరలేని టార్గెట్ పెట్టింది మీరు కాదు. బ్రిటన్‌లో పని భద్రత చూసే హెచ్‌ఎస్‌ఈ సంస్థ ఆహార ఫ్యాక్టరీల్లో కన్వేయర్ల దెబ్బల్ని పరిశీలిస్తే, 90 శాతం మామూలు పనిలోనే జరిగాయని తేలింది, సరుకు నడిపిస్తూ, ఇరుక్కున్నది తీస్తూ, శుభ్రం చేస్తూ. అంటే చెయ్యి అక్కడికి వెళ్తుందని ముందే తెలుసు, అందుకే గార్డు పెడతారు. లోపలికి తిరిగే రెండు రోలర్ల మధ్య వేలి కొస పడితే వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు, గ్లవ్ ఉంటే ఇంకా త్వరగా లాగేస్తుంది. రాత్రి మూడింటికి, నిద్ర కళ్లతో, 23 ఏళ్ల వాడు ఒక్క క్షణం మరిచిపోతే వేళ్లు పోయేలా మిషన్ ఉంచడమే అసలు తప్పు, దాన్ని 'నిర్లక్ష్యం' అని అతని పేరు మీద రాస్తున్నారు.

మీ వంతు తప్పుకి మీరు చెయ్యగలిగింది మీ చేతిలోనే ఉంది. రేపటి షిఫ్ట్‌లో ఆ మిషన్ మీద ఇంకో కుర్రాడు నిలబడతాడు కదా? ఆ వైరు ఇంకా ఉందా? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు. ఉంటే, మొదట అది తీయించండి, సంతకం సంగతి తేలకముందే. పిండి అంటుకుంటే మెయిన్ ఆపి, తాళం వేసి, తాళంచెవి గీకేవాడి జేబులోనే ఉండాలి. షీటు వేస్టయితే అవనివ్వండి. సూపర్‌వైజర్‌గా మీ షిఫ్ట్‌లో ఇది మీరు చెయ్యగలరు.

(ఇలాంటి చోట్ల పనిచేసే మిగతావాళ్లకి ఒక మాట: వేలు తెగి పడితే శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మూతి కట్టి, ఆ కవర్‌ని ఐసు మీద పెట్టి తీసుకెళ్లండి. వేలిని నేరుగా ఐసులో పెట్టకూడదు, కణాలు చచ్చిపోతాయి.)

తమ్ముడి చెయ్యి గురించి మీరు రెండు లైన్లే రాశారు, తువ్వాలులో దాచుకుంటున్నాడని, అన్నం ఎడమచేత్తో తింటున్నాడని. నర్సింగ్‌హోంలో కుట్లు విప్పేసి పంపడంతో వైద్యం అయిపోలేదు. మిగిలిన వేళ్లు కదిలించకపోతే బిగుసుకుపోతాయి, ఫిజియోథెరపీ ఈ నెలల్లోనే జరగాలి. చెన్నైలో మీకున్న అదృష్టం స్టాన్లీ ప్రభుత్వ ఆసుపత్రి, చేతి శస్త్రచికిత్సకి దేశంలో పేరున్న విభాగం అక్కడే ఉంది, ఒకసారి చూపించండి. ఈఎస్‌ఐ వైపు నుంచి అయనావరం, కేకే నగర్ ఆసుపత్రులున్నాయి. బొటనవేలు బాగుంది కాబట్టి పట్టుకునే శక్తి చాలావరకు తెచ్చుకోవచ్చు. లేని వేలు నొప్పి పుడుతోందని అంటే పిచ్చి అనుకోకండి, అలా నిజంగానే నొప్పి వస్తుంది, డాక్టరుకి చెప్పాలి. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడా? మీకూ నిద్ర లేదంటున్నారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఇద్దరూ చెయ్యండి.

మీ ఆవిడ మీద కోపం పెట్టుకోవద్దు. ఆవిడకి కనిపిస్తున్నది సంతకం పెడితే నిలిచే జీతం ఒక్కటే, పైన వేసిన లెక్క ఆవిడ ముందు కూడా వేసి చూపించండి.

పిన్నికి చెప్పడం గురించి. చెప్పకపోతే ఏమవుతుందో చూడండి, సంక్రాంతికో పెళ్లికో వాడు ఊరు వెళ్తాడు, ఆవిడ వాడి చెయ్యి పట్టుకుంటుంది, అప్పుడు తెలుస్తుంది. వేళ్లు పోయిన బాధతో పాటు, ఇన్నాళ్లూ ఫోన్‌లో మీరు దాచారన్నది కూడా. చెబితే తిట్టొచ్చు, కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు, చిన్నాన్న "నువ్వే తీసుకెళ్లావు" అనొచ్చు. అనే హక్కు వాళ్లకుంది, అనిపించుకోండి. కానీ ముందు తమ్ముడిని అడగండి, చెయ్యి అతనిది, ఎప్పుడు చెప్పాలో, ఎంత చెప్పాలో అతనే తేల్చాలి. వీలైతే ఫోన్‌లో కాకుండా రెండు రోజులు సెలవు పెట్టి ఇద్దరూ ఊరు వెళ్లి చెప్పండి. కుదరకపోతే, వచ్చే ఆదివారం ఆవిడ ఫోన్ చేసినప్పుడు తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని ఎత్తండి. మొదటి మాట అతన్ని మాట్లాడనివ్వండి.